సారు నాకు చూపించని గాజు పలక

మా ల్యాబ్ సారు పోయారు. సోమవారం పొద్దున నారాయణగూడలో ల్యాబ్ తాళం తీసి, సీసాలు కడగడానికి నల్లా తిప్పాను. పక్క దుకాణం టైలరు గడప దగ్గరే నిలబడి, "ఇయ్యాల కడుగకు. మీ సారు పోయిండంట" అన్నాడు. నల్లా కట్టేశాను. ఏడుపు రాలేదు. ఎందుకు రాలేదో చెప్పాలనే ఇది రాస్తున్నాను. ఊరి బడిలో నాలుగో తరగతి దాకా చదివినవాణ్ణి. తప్పులుంటే మన్నించండి.

సారుది గుంటూరు వైపు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో వచ్చి, కిరాయి గదిలో రక్తపరీక్షల ల్యాబ్ పెట్టారు. నేను పాలమూరు నుంచి కూలికి వచ్చి, ఆ గదికి సున్నం వేసి, అక్కడే సీసాలు కడుగుతూ ఉండిపోయాను. సారు చెవి మీద ఎప్పుడూ ఎర్ర మైనపు పెన్సిలు ఉండేది. ఎదురుగా ఎవరూ లేకున్నా రక్తపు సీసాలతో మాట్లాడేవారు. "ఏమ్మా, నీకు జ్వరమా?" అని.

ఒకనాడు మధ్యాహ్నం నేను మూలుగ బొక్క చీకుతున్నాను. సారు శాకాహారి. మొహం అటు తిప్పుకొని మరీ పాఠం చెప్పారు.

"నువ్వు చీకేది ఏంటో తెలుసా? రక్తం పుట్టేది అక్కడే. ఎర్ర కణం పుట్టినప్పుడు దాని లోపల గింజలాంటిది ఉంటుంది. బయటికొచ్చే ముందు దాన్ని వదిలేస్తుంది. అందుకే దానికి పిల్లలుండవు. నాలుగు నెలలు ఒళ్ళంతా గాలి మోసి చచ్చిపోతుంది."

"మరి రక్తం ఒడిసిపోదా సార్?"

"ఎముక ఊరుకుంటుందా? రోజూ కొత్తవి పంపుతూనే ఉంటుంది. ముందు ఆ బొక్క పారేసి చేతులు కడుక్కో."

గ్రూపు చూడటం కూడా నాకు ఆయనే నేర్పారు. గాజు పలక మీద మైనపు పెన్సిలుతో రెండు గళ్ళు గీసి, ఒక దానిలో 'ఏ' మందు, ఇంకొక దానిలో 'బీ' మందు చుక్క వేసేవారు. రెండిట్లోనూ రక్తం కలిపి మెల్లగా ఊపాలి. రెండిట్లో ఏదో ఒక దానిలోనే రక్తం విరిగిన పాలలా రవ్వ కడితే అది ఆ గ్రూపు. రెండిట్లోనూ విరిగితే ఏబీ. ఎందులోనూ విరగకపోతే ఓ. సరిపడని రక్తం ఎక్కిస్తే మనిషి ఒంట్లోనూ అట్లాగే విరుగుతుందని, ప్రాణం పోతుందని చెప్పేవారు. అందుకని సారు ఒక్కరే చూసి ఏ కాగితమూ రాసేవారు కాదు. పలక నా ముందు పెట్టి "విరిగిందా?" అని అడిగి, నేను చెప్పాకే రాసేవారు. "చదువు నాకుంది. కళ్ళు ఇద్దరికీ ఉన్నాయి" అనేవారు. సీసాలు కడిగేవాడికి ఇంతకంటే ఏ సారు మర్యాద ఇస్తారు?

ఆ రోజుల్లోనే నా భార్యకు కడుపు పోయింది. రక్తం ఆగలేదు. ఆమెది ఓ గ్రూపు. వాళ్ళకు ఓ రక్తమే పనికొస్తుంది. నేను చెయ్యి చాపాను. సారు నా వేలు పొడిచి, పలక తీసుకొని కిటికీ దగ్గరికి వెళ్ళారు. నాకు ఆయన వీపే కనిపించింది. "నీది బీ అయ్యా. పనికిరాదు. నాది ఓ" అని చొక్కా చెయ్యి మడిచారు. పలక నా ముందు పెట్టలేదు. నేనూ అడగలేదు. ఆమె బతికింది.

అప్పటి నుంచి ఆమెకు సారు అన్న అయ్యారు. మేముండేది చిక్కడపల్లిలో. కూరలో ఉప్పు ఎక్కువైందని నేనంటే చాలు, వాడకట్టు ఆడవాళ్ళందరికీ వినబడేటట్టు, "నా ఒంట్ల ఉన్నది అన్న రక్తం. నీది పనికిరాకపాయె, నీకేం ఎర్క?" అనేది. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి. ఒకసారి ధైర్యం చేసి, "నాలుగు నెలలైతే ఆ రక్తం ఉండదంట. ఇప్పుడున్నదంత నీదే" అన్నాను.

"నీదైతే నాలుగు రోజులన్న ఉండునా?" అంది.

మూడేళ్ళు గడిచాయి. సారు ఊరెళ్ళిన ఒక మధ్యాహ్నం ఏమీ తోచక నా వేలే పొడుచుకున్నాను. 'ఏ' మందులో విరగలేదు. 'బీ' మందులో విరగలేదు. మళ్ళీ చేశాను. పాజిటివా నెగటివా చూసే చుక్క కూడా వేశాను. అన్నీ నా భార్య లెక్కే. నాది ఓ.

సారు తిరిగి రాగానే అడిగాను. "నాది గూడ ఓ నే గద సార్?"

ఆయన చాలాసేపు పలక తుడిచారు. "నీ రక్తం నీళ్ళలా ఉందయ్యా ఆ రోజు. ఒక సీసా తీస్తే ఇద్దరూ మంచమెక్కేవాళ్ళు. చెబితే వినేవాడివా?"

"వినకపోదును సార్. గని నాకు చెప్పాలె గద."

"నిజమే. మీ ఆవిడతో నేనే చెబుతాను. రాఖీకి వస్తుందిగా."

రాఖీకి వచ్చింది. అశోక్‌నగర్‌లో సారు ఇంట్లో ఆమె రాఖీ కట్టి, మిఠాయి నోట్లో పెడితే, సారు నా వైపు చూసి, తల దించుకొని, "బాగుందమ్మా" అన్నారు. అంతే. తర్వాతి ఏడు కూడా అంతే. ఇంట్లో నేనే చెప్పాను. "అన్న చెప్తే నమ్ముత" అని నవ్వింది. ఈ ఏడు తెలంగాణ గొడవల రోజులు, వద్దంటే వినకుండా నడిచి వెళ్ళి కట్టి వచ్చింది. సారు అప్పటికే మంచంలో ఉన్నారు. మర్నాడు ఒక్కణ్ణే వెళ్ళి అడిగాను.

"చెప్పుండ్రి సార్. మీరు చెప్తెనే నమ్ముతది."

ఆయన కళ్ళు మూసుకున్నారు. "చెబితే నాకెవరున్నారయ్యా? నీకు పెళ్ళాం ఎట్లాగూ ఉంది."

ఆయన లేకపోతే ఆమె లేదు. నేను అది మరువను. ఆ రోజు నన్ను కాపాడటానికే అబద్ధమాడారు, అదీ ఒప్పుకుంటాను. ఆ తర్వాతి ఏళ్ళన్నీ ఎవరిని కాపాడటానికి? నాకు రెండు కళ్ళున్నాయని నేర్పిన మనిషి, నా ఇంట్లో నన్ను పనికిరానివాణ్ణి చేసి, పక్కనే కూర్చొని మిఠాయి తిన్నారు.

శవం దగ్గర నా భార్య, "నాకు రక్తం పోసిన అన్నా" అని గుండె బాదుకుంది. అప్పుడు చెప్పలేకపోయాను. ఇంటికొచ్చాకా చెప్పలేకపోయాను. నోటితో కానిది రాతతో అవుతుందేమోనని ఈ వారపత్రికకు రాసి పంపుతున్నాను. ఆమెకు నాకంటే చదువు ఎక్కువ. పత్రిక వచ్చిన సాయంత్రం గడప మీద కూర్చొని, వాడకట్టు ఆడవాళ్ళకు మొదటి పేజీ నుంచి బిగ్గరగా చదువుతుంది. ఒక్క పేజీ కూడా వదలదు. ఇది రాసిందెవరో నాలుగు వాక్యాలకే పోల్చుకుంటుంది. ఆ వేళకు నేను లోపల ఉండను. గోడ అవతల గల్లీలో సైకిలు పట్టుకొని నిలబడతాను, ఆమె గొంతు ఏ మాట దగ్గర ఆగుతుందో వింటూ.