బండి వీధిలోనే ఉండాలి

నాకు పని నేర్పిన అక్కకి వాసన తెలియదు. కోవిడ్ వచ్చి తగ్గాక ఆమెకు రుచి తిరిగొచ్చింది కానీ వాసన రాలేదు. కార్పెట్లు శుభ్రం చేసేవాళ్లకి అది చిన్న లోటు కాదు. కుక్క ఎక్కడ తడిపిందో, పాలు ఎక్కడ ఒలికి అడుగుదాకా ఇంకాయో ముందుగా చెప్పేది ముక్కే. అందుకే పని కోసం వెళ్లిన రోజున ఆమె నా చదువు గురించి గానీ అనుభవం గురించి గానీ అడగలేదు. ఎవరో ఖాళీ చేసి వెళ్లిన అపార్ట్‌మెంట్‌లో నన్ను గది మధ్యలో నిలబెట్టి, "ఏం వాసన వస్తోందో చెప్పమ్మాయ్" అంది.

"పిల్లి ఉండె అనుకుంట అక్కా. ఆ కిటికీ కింద మూలకు."

"రేపట్నించి వచ్చెయ్" అంది.

ఆమెది తెనాలి వైపు. షికాగో దగ్గర షామ్‌బర్గ్‌లో తెలుగు చర్చికి వెళ్లే కుటుంబం. భార్యాభర్తలిద్దరూ కలిసి ఒక వ్యాన్ కొనుక్కుని ఈ పని మొదలుపెట్టారు. ఆయన నడుము దెబ్బతిన్నాక ఫోన్లు, అపాయింట్‌మెంట్లు ఆయన చూసుకుంటే, బండి ఆమె తోలడం మొదలుపెట్టింది. నాది వరంగల్. డిపెండెంట్ వీసా మీద ఏళ్లపాటు ఇంట్లోనే ఉండి, వర్క్ పర్మిట్ వచ్చాక ఆఫీసు ఉద్యోగాలకి అప్లై చేసి చేసి విసిగిపోయాను. మా ఆయన మొదట, "కార్పెట్లు కడిగేటోళ్ల దగ్గరనా?" అని నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి ఆపేశాడు.

పని నేర్పడంలో అక్క కఠినం. మొదట్లో వాండ్ నా చేతికివ్వనే లేదు. వాండ్ అంటే వేడినీళ్లు చల్లి, మళ్లీ ఆ నీటినే లాగేసుకునే పొడవాటి గొట్టం. ఇంజనూ నీళ్ల ట్యాంకూ అన్నీ వ్యాన్‌లోనే ఉంటాయి, అక్కణ్నుంచి రెండు హోస్ పైపులు ఇంట్లోకి వస్తాయి. ఆ పైపులు గోడల మూలలకి రాసుకుని రంగు లేవకుండా చూడటమే నా పని. ఒకసారి రాసుకుంది. ఇంటివాళ్ల ముందే అక్క, "పైపు వంక చూస్తున్నావా, గోడకున్న ఫోటోల వంకా?" అని అడిగింది. ఇంటికెళ్లి ఏడ్చాను.

తరవాత ఒక్కొక్కటీ చెప్పింది. నీళ్లు పెట్టేముందు తెల్లగుడ్డ తడిపి, కనపడని మూల రుద్ది, రంగు దిగుతుందేమో చూడాలి. తడి గీత ఒకటి లాగితే, నీళ్లు ఆపి పొడి గీతలు రెండు లాగాలి. లోపల నీళ్లుంటే గొట్టం గరగరమంటుంది, అయిపోతే ఈల వేసినట్టు అవుతుంది, ఆ తేడా చెవికి తెలియాలి. మొదలుపెట్టే ముందే ఇంటివాళ్లతో కలిసి తిరిగి, పోని మరకలేవో మొహం మీదే చెప్పెయ్యాలి. పని అయ్యాక చెబితే అది సాకు అవుతుంది. ఇంజను వేడి మీద ఉండగా ఒక్కసారిగా ఆపకూడదు. కాసేపు చల్లటి నీళ్లు పారనిచ్చి అప్పుడు తాళం తిప్పాలి.

అన్నిటికన్నా ముందు చెప్పింది మాత్రం బండి ఎక్కడ పెట్టాలన్నది. "ఎంత దూరమైనా సరే, పైపు జాయింట్ వేసుకుందాం. బండి వీధిలోనే ఉండాలి. పొగ ఇంటివైపు రాకూడదు."

ఆ మాట ఆమే తప్పింది.

జనవరి నెల. మొహం కోసేసే గాలి. రెండంతస్తుల ఇల్లు, ఒక్క కారు పట్టే గరాజ్. ఇంటావిడ నా వయసుదే, తెలుగావిడే, ఇంటి నుంచే ఉద్యోగం చేస్తోంది. చెవిలో ఇయర్‌ఫోన్ తియ్యకుండానే మాకు ఇల్లంతా చూపించింది. "కింద గెస్ట్ రూమ్‌లో మా మామయ్యగారు పడుకున్నారు ఆంటీ. వచ్చి నాలుగు రోజులే అయింది, జెట్‌లాగ్. ఆయన లేచాక ఆ రూమ్ చేద్దురుగాని. నాకు బ్యాక్ టు బ్యాక్ మీటింగ్స్ ఉన్నాయి, ఏమన్నా ఉంటే టెక్స్ట్ చేయండి."

వీధిలోంచి పైపు వేశాం. పని మొదలుపెట్టక ముందే జాయింట్ దగ్గర మంచు పట్టేసింది. లోపలికొచ్చేసరికి నీళ్లలో వేడి లేదు. అక్క విసుక్కుంటూ బండిని వెనక్కి తీసి, వెనక సగం గరాజ్‌లోకి వచ్చేలా పెట్టింది. పైపులు గరాజ్‌లోంచి, లాండ్రీ రూమ్ తలుపు సందులోంచి ఇంట్లోకి వచ్చాయి.

కాసేపటికి ఇంటావిడ మెట్ల మీద నుంచి వంగి చూసింది. "ఆంటీ, గరాజ్ డోర్ అంతా తెరిచి పెట్టారా? ఇల్లు ఫ్రీజ్ అయిపోతోంది. కొంచెం దించండి ప్లీజ్."

అక్క ఒక్క క్షణం ఆలోచించింది. నేను చూశాను. తరవాత వెళ్లి, తలుపుని వ్యాన్ టాప్‌కి తగిలేదాకా దించి వచ్చింది.

"అక్కా, పొగ..." అన్నాను.

"గాలికి పోతుందిలే. నువ్వు పైన హాల్‌వేలో మరకలకి సొల్యూషన్ కొట్టు."

గాలి ఇంటివైపే కొడుతోందని నాకు తట్టింది. కానీ గోడకి పైపు రాసినందుకే అంతమాట అన్న మనిషితో వాదించే ధైర్యం లేకపోయింది. పైకి వెళ్లాను. అక్క కింద, గరాజ్ పక్కనున్న ఫ్యామిలీ రూమ్ మొదలుపెట్టింది.

మెట్ల మీద మరకలు రుద్దుతూ కిందికి దిగుతున్నకొద్దీ తల బరువెక్కింది. పొద్దున టిఫిన్ తినలేదు, అందుకే అనుకున్నాను. కిందికొచ్చేసరికి అక్క తడిపిన చోటే మళ్లీ తడుపుతోంది. వాండ్ గరగరమంటున్నా పట్టించుకోవడం లేదు. ఆమె చేత అలాంటి పని నేనెప్పుడూ చూడలేదు.

"అక్కా, అది అయిపోయింది గద."

"తెలుసు నాకు" అని కసిరింది. నుదురు చేత్తో నొక్కుకుంది.

పెరటివైపు అద్దాల తలుపు తీశాను. వెంటనే అంది, "మూసెయ్! ఆవిడ ఏం చెప్పింది? చలి అని చెప్పలా?"

మూశాను. పైపు సర్దే వంకన లాండ్రీ రూమ్‌లోకి వెళ్లాను. తలుపు సందు దగ్గర పెట్రోల్ బంకులో నిలబడ్డట్టుంది. ఆ తలుపు పక్కనే గెస్ట్ రూమ్ తలుపు.

వెనక్కి పరుగెత్తాను. "అక్కా, బండి ఆపుదాం. పొగ ఇంట్లకు వస్తుంది."

"అది సొల్యూషన్ వాసన."

"కాదక్కా. సొల్యూషన్ వాసన నాకు తెలుసు. ఇది పొగ. నీకు వాసన రాదు. నాకు వస్తుంది!"

అలా ఎదురు మాట్లాడటం అదే మొదలు. ఆమె నావైపు చూసింది. కోపంగా ఏదో అనబోయి, మాట దొరకనట్టు నోరు తెరిచి నిలబడిపోయింది. మోకాళ్లు వంగాయి. సోఫా చెయ్యి పట్టుకుని నేల మీదకి జారింది. "నీళ్లు చల్లబడాలి... అప్పుడు ఆపు" అంది, మాట ముద్దగా.

ఆమెను చంకల కింద చేతులేసి ముందు తలుపు దాకా ఈడ్చి, మెట్ల మీద కూర్చోబెట్టాను. గరాజ్ లోపలికి పోవడానికి భయమేసింది. బయటి నుంచే చుట్టూ పరుగెత్తాను. కాళ్లకి ప్లాస్టిక్ షూ కవర్లు అలాగే ఉన్నాయి. మంచు మీద జారి మోచెయ్యి కొట్టుకుంది. లేచి, వ్యాన్ పక్క తలుపు లాగి, ఊపిరి బిగబట్టి తాళం తిప్పేశాను. చల్లటి నీళ్లూ లేవు, ఏమీ లేదు. ఇంజను ఒక్కసారి దగ్గినట్టయి ఆగిపోయింది.

మళ్లీ లోపలికి. ఇంటావిడ గది తలుపు తోశాను. స్క్రీన్ వైపు మాట్లాడుతూనే, వేలెత్తి ఒక్క నిమిషం అన్నట్టు చూపించింది.

"మేడమ్, గ్యాస్! ఇంట్ల పొగ నిండింది. పెద్దాయన కింద ఉన్నడు!"

ఆమెకు అర్థం కావడానికి ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. చాలాసేపు అనిపించింది. కుర్చీ వెనక్కి పడిపోయింది, ఆమె నన్ను దాటి మెట్లు దిగుతోంది.

గెస్ట్ రూమ్‌లో పెద్దాయన కంఫర్టర్ కప్పుకుని పక్కకి తిరిగి పడుకున్నాడు. చూడటానికి హాయిగా నిద్రపోతున్నట్టే ఉంది. "మామయ్యా! మామయ్యా!" అని ఆమె భుజం పట్టి కుదిపింది. కనురెప్పలు కదిలాయి గానీ కళ్లు తెరవలేదు. ఇద్దరం కంఫర్టర్‌తో సహా మంచం మీద నుంచి లాగాం. తల నేలకి తగలకుండా ఆమె పట్టుకుంది, నేను కాళ్లవైపు. హాల్‌లో తడి కార్పెట్ మీద మూట జారడం లేదు. నా చేతుల్లో బలం లేదు. "లాగండి, లాగండి" అని ఆమె ఏడుస్తూనే ఉంది. గుమ్మం దాటాక ఆయన ఒక్కసారి మూలిగి, పక్కకి తిరిగి కక్కుకున్నాడు. అది చూసి నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను.

ఆ చలిలో, మెట్ల మీద, అక్క గోడకి ఆనుకుని "ప్రభువా, ప్రభువా" అని గొణుగుతోంది. ఇంటావిడ 911కి ఫోన్ చేసింది.

ఫైర్ ఇంజన్ వచ్చింది. ఒకతను చేతిలో మీటరుతో లోపలికెళ్లి వచ్చాడు. గెస్ట్ రూమ్‌లోనే ఎక్కువ ఉందన్నాడు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదట. నాకు తగిలింది దానితోపాటు వచ్చిన మిగతా పొగ. పైగా మా మెషీన్ ఇంట్లో గాలిని లాగేస్తుంటే, ఆ ఖాళీలోకి గరాజ్‌లోని గాలి వచ్చి చేరిందని చెప్పాడు. ఇంట్లో ఆ గ్యాస్‌ని పసిగట్టి మోగే అలారం లేదా అని అడిగితే, అది బ్యాటరీ అయిపోయి కూతపెడుతోందని పీకి డ్రాయర్‌లో పడేశామని ఇంటావిడ చెప్పింది.

"బండి అలా పెట్టింది ఎవరు?" అని అడిగాడు.

అక్క మొహం మీది ఆక్సిజన్ మాస్క్ పక్కకి జరిపింది. "నేనే" అంది ఇంగ్లీషులో. "అలా పెట్టకూడదని నాకు తెలుసు. తెలిసే పెట్టాను."

నేను ఇంటావిడ వైపు చూశాను. ఆమె నేలకేసి చూస్తోంది. తలుపు దించమన్నది మీరే కదా అనబోయాను. అక్క నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

పెద్దాయన్నీ అక్కనీ నన్నూ హాస్పిటల్‌కి తీసుకెళ్లారు. నన్ను సాయంత్రానికి పంపేశారు. వెళ్లే ముందు అక్క బెడ్ దగ్గరకి వెళ్లాను.

"మెషీన్ ఎలా ఆపావ్?" అని అడిగింది.

"తాళం తిప్పేసిన."

"నీళ్లు చల్లబడకుండానా?"

"ఆ."

కళ్లు మూసుకుంది. కాసేపటికి, "ఆవిడ అడిగింది సరే. కాదనాల్సింది నేను" అంది.

ఆ తరవాత కొన్నాళ్లు అక్క ఫోన్ చెయ్యలేదు. వేడి మీద ఆపేసరికి మెషీన్ లోపల ఏదో పగిలిందని, బండి రిపేర్‌కి వెళ్లిందని, నేనే ఫోన్ చేస్తే ఆమె భర్త చెప్పాడు. నా పని పోయిందనే అనుకున్నాను. మా ఆయన, "పోతే పోనీ, ప్రాణాల మీదికి తెచ్చే పని మనకెందుకు" అన్నాడు. అయినా పొద్దున్నే లేచి ఫోన్ చూసుకునేదాన్ని.

చివరికి అక్కే చేసింది. "ఆ ఇల్లు సగం చేసి వదిలేశాం. ఆవిడ వాళ్లాయన ఫ్యాన్లు పెట్టి ఆరబెట్టాడంట గానీ మరకలు పైకి తేలాయంట. వెళ్లాలి. వస్తావా?"

బండిలోని మెషీన్ ఇంకా బాగవ్వలేదు. ప్లగ్‌లో పెట్టుకునే చిన్న మెషీన్ ఒకటి అద్దెకి తెచ్చి, బకెట్లతో నీళ్లు మోసుకుంటూ పని చేశాం. బండి వీధిలో ఎక్కడో దూరంగా పెట్టింది. ఇంటావిడ తలుపు తీసి పక్కకి జరిగింది, పలకరించలేదు. అక్క పెద్దాయన ముందుకెళ్లి చేతులు కట్టుకుని నిలబడింది.

"బాబాయిగారూ, నా వల్ల తప్పయిపోయింది."

పెద్దాయన ఆమెను కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు.

"కోపం లేదమ్మా నాకు" అన్నాడు. "నిద్రలో ఏమీ తెలియలేదు. ఊపిరాడకపోవడం గానీ, నొప్పి గానీ, ఏమీ లేదు. అదే ఇప్పుడు భయం. పడుకోవాలంటే భయమేస్తోంది. మళ్లీ బిగించిన ఆ అలారం లైటు వెలుగుతోందా లేదా అని లేచి లేచి చూసుకుంటున్నాను."

అక్క బకెట్ తీసుకుని బాత్‌రూమ్‌లోకి వెళ్లి, నీళ్లు తిప్పి, చాలాసేపు బయటికి రాలేదు.

మేం ఫ్యామిలీ రూమ్‌లో ఉండగా ఇంటావిడ కిందికి దిగింది. ఆ రోజు చెవిలో ఏమీ లేదు. "ఆంటీ, డోర్ దించమన్నది నేనేనని మా వారికి చెప్పాను. మామయ్యకి కూడా చెప్పాను. ఫైర్ వాళ్ల ముందు చెప్పాల్సింది. భయమేసింది."

అక్క లేచి నిలబడింది. "నువ్వు చెప్పావు, నేను విన్నాను. వినకూడదు అమ్మా. ఇంకెవరు అడిగినా వినను" అంది.

ఇంటావిడ తలూపింది. కిటికీలు తెరవనా అని అడిగింది. బయట ఇంకా చలిగానే ఉంది.

"తెరవండి" అన్నాను నేను. అక్క నాకేసి చూసి, వాండ్ నా చేతికిచ్చి, పైపు సర్దడానికి నా వెనక్కి వచ్చింది.