ఉపదేశి రాయప్ప గారు ఒప్పుకున్న మాట

మంగళవారం ప్రాతఃకాల పూజ ముగిశాక మా విచారణ గురువు, అంటే మా చర్చి ఫాదర్, పీఠం ముందు ఆగి, "మన ఉపదేశి రాయప్ప గారు తెల్లవారుజామున ప్రభువులో నిద్రించారు" అన్నారు. పాటల పుస్తకం పట్టుకొని అలాగే నిశ్చేష్టనై నిలబడిపోయాను. తార్నాక దేవాలయంలో నాకు అక్షరాలకన్నా ముందు జపాలు నేర్పిన మనిషి ఆయన.

కడప సీమలో పుట్టి, పోలీసు కొలువు కోసం ఈ నగరానికి వచ్చి, హెడ్ కానిస్టేబులుగా పదవీ విరమణ చేశారు. శేషజీవితాన్ని పిల్లలకు ఉపదేశం చెప్పడానికే సమర్పించారు. మితభాషి. మేము జపం తప్పు చదివితే, "తొందరేం లేదు పాపా, దేవుడు యాడికీ పోడు" అనేవారు. ఏటా ఒక్కరోజు మాత్రం ఆయన ముఖం వివర్ణమయ్యేది. అరవై తొమ్మిది ప్రత్యేక రాష్ట్ర ఉద్యమంలో కాల్పులకు విద్యార్థులు బలైన రోజది. ఆనాటి దివ్యపూజను వారి ఆత్మశాంతికి అర్పించమని ఆయనే గురువును కోరేవారు. పూజ సాగినంతసేపూ మోకాళ్ళ మీదే ఉండేవారు. దయార్ద్రహృదయుడని అనుకున్నాం. అంతకుమించి ఎవరమూ అడగలేదు.

మూడేళ్ళ కిందట, ఉద్యమం మళ్ళీ ప్రజ్వరిల్లిన కాలంలో, ఆ వర్ధంతినాడు యూనివర్సిటీ క్యాంపస్‌లో హాస్టల్ ముందర విద్యార్థులు ప్రార్థన పెట్టారు. నేనప్పుడు అక్కడ పరిశోధక విద్యార్థినిని. గేటు దగ్గర ముళ్ళకంచె, దాని వెనక హెల్మెట్లు పెట్టుకున్న బలగాలు. జపమాల చెప్పించడానికి రాయప్ప గారు వచ్చారు. ముందు వరసలో సీతాఫల్‌మండి యాదమ్మ కూర్చున్నది. ఆనాడు హతులైనవారిలో ఒకరు ఆమె అన్న.

విద్యార్థి నాయకుడొకడు మైకు అందుకున్నాడు. "ఈ పెద్దాయన సీమ మనిషి. అయినా నలభై ఏండ్ల సంది మన అమరుల కోసం ప్రార్థిస్తున్నడు" అంటూ శాలువా కప్పబోయాడు.

రాయప్ప గారు శాలువాను పక్కకు జరిపారు. "నాకొద్దు నాయనా. ఆ పొద్దు తుపాకులు పట్టుకున్న వరసలో నేనూ ఉంటిని. కాల్చమన్నారు, కాల్చినా. ఎవరి గుండు ఎవరికి తగిలిందో తెలీదు. గురువు చెవిలో తప్ప ఇన్నేండ్లూ ఎవరికీ చెప్పలేదు."

ఆ వెంటనే కుర్చీలు పడ్డాయి. ఎవరో ఆయన చొక్కా పట్టుకున్నారు. "ఇన్ని రోజులు మనతోని నాటకమాడిండా" అని ఒక గొంతు. గేటు దగ్గర బలగాలు కదిలాయి. వాళ్ళు లోపలికి వస్తే ఏమవుతుందో మాకందరికీ తెలుసు. ఆయన చేతులైనా అడ్డం పెట్టుకోలేదు.

యాదమ్మ లేచి వచ్చింది. పిల్లలు దారిచ్చారు.

"మా అన్న నీళ్ళడిగిండా?"

"ఎవరో ఒకాయన అడిగినాడమ్మా. మీ అన్నో కాదో నాకు తెలీదు. వరస ఇడిచి పోవద్దన్నారు. నేను పోలేదు."

ఆమె చాలాసేపు ఆయన ముఖంలోకి చూసింది. తర్వాత చొక్కా మీది చేతిని తనే తీసేసింది. "ఇడువుండ్రి. ఇయ్యాల మల్ల ఎవ్వలూ చావొద్దు" అన్నది. ఆయన వైపు తిరిగి, "జపం చెప్పనీకి వచ్చినవ్ గద. చెప్పు."

ఆయన మోకరించి జపమాల పూర్తిచేశారు. కొందరు లేచిపోయారు. మిగిలినవాళ్ళం బదులు చెప్పాం. బలగాలు కంచె దాటలేదు.

క్షమించానని యాదమ్మ ఏనాడూ అనలేదు. "క్షమించమని అడగొచ్చు గదా తాతా" అని ఒకసారి అన్నాను. "అడిగితే ఆమె మీద ఇంకో బరువు పెట్టినట్టు పాపా. మోయాల్సింది నేను" అన్నారు. మా విచారణ కుటుంబాల్లో చాలామంది తమ పిల్లలను ఆయన దగ్గరకు పంపడం మానేశారు. వచ్చిన ఇద్దరికే ఆయన అదే ఓర్పుతో చివరిదాకా నేర్పారు.

ఆ సత్యసంధుడికి శిరసు వంచి నమస్కరిస్తున్నాను. మృతుల కోసం ప్రార్థించేవారు నేడూ ఉన్నారు, రేపూ ఉంటారు. ఆ తుపాకుల వరసలో ఎందరు నిలబడ్డారో, వారంతా ఏమైపోయారో మనకు తెలియదు. ముందుకొచ్చి "నేనూ ఉంటిని" అన్నవాడు మాకు ఒక్కడే దొరికాడు. ఆ ఒక్కణ్ణీ నిన్న సమాధి చేసి వచ్చాం.