పన్నెండు వేలమంది మౌనం

రూఫస్ సంగతి ఎత్తితే ఫ్రాంక్‌ఫర్ట్ తెలుగువాళ్ళలో ఎవరైనా ముందు ఆ ఉగాది మైకు కథే చెబుతారు. సంఘం అధ్యక్షులు భాస్కరమూర్తిగారు తెలుగు భాష గొప్పతనం మీద ప్రసంగం ముగించి, వేదిక వెనక్కి వెళ్ళి, భార్య రమామణితో "పులిహోర అయిపోయేలోగా మన డబ్బా నింపించేయ్" అన్నారు. చొక్కాకి తగిలించిన మైకు ఇంకా బతికే ఉంది. హాలంతా విన్నది. ఆ మైకు ఆపాల్సినవాడు రూఫస్. మరిచిపోయానని నేటికీ అంటాడు. అంటున్నప్పుడు ఆ మొహం చూస్తే మాత్రం మీరు నమ్మరు.

పాలకొల్లులో పుట్టాడు. చర్చి కన్వెన్షన్లకు లౌడ్‌స్పీకర్లు కడుతూ పెరిగాడు. జర్మనీలో ఇల్మెనౌ అనే ఊరు వచ్చి సౌండు ఇంజనీరింగు చదివి, ఫ్రాంక్‌ఫర్ట్‌లో విట్టిగ్ అనే పెద్దమనిషి నడిపే చిన్న కంపెనీలో కుదురుకున్నాడు. భార్య లీల ఆస్పత్రిలో నర్సు. కూతురు ఈవాని తెలుగులో పిలిస్తే జర్మన్‌లో పలుకుతుంది. ఇంతకుమించి చెప్పుకోడానికేమీ లేని జీవితం, కరోనా వచ్చేదాకా.

వచ్చాక కచేరీలు పోయాయి, మెస్సే హాళ్ళు, అంటే ఎగ్జిబిషన్లు జరిగేవి, మూతపడ్డాయి. విట్టిగ్ చేతికి ఒకే ఒక్క పని చిక్కింది. ఐర్లాండులో కిల్‌ఫారెన్ అని ఒక రగ్బీ జట్టు. మార్చిలో వాళ్ళ సీజను నడిమధ్యలో ఆగిపోయింది. ఆగస్టులో మళ్ళీ మొదలైంది గాని జనాన్ని రానివ్వలేదు. ఖాళీ స్టేడియంలో ఆడితే టీవీలో బంతి చప్పుడు, ఎముకల చప్పుడు, ఆటగాళ్ళ బూతులు తప్ప ఏమీ వినిపించడం లేదట. అందుకని జనం గోల బయటినుంచి తెప్పించుకుంటారు. విట్టిగ్ దగ్గర పాత రగ్బీ ఆటల్లో రికార్డు చేసిన గోల బోలెడుంది.

"మనకున్నది ఇదొక్కటే, రూఫస్. ఇదీ పోతే కంపెనీకి తాళం వేస్తాను. నువ్వూ ఇంటికే, నేనూ ఇంటికే" అన్నాడు విట్టిగ్.

అలా తన బిల్డింగు కెల్లర్లో, అంటే నేలకింది కొట్లో, పొరుగువాళ్ళ సైకిళ్ళకీ బంగాళాదుంపల పెట్టెలకీ మధ్య, రూఫస్ పన్నెండు వేలమంది ఐరిష్ జనానికి అధిపతి అయ్యాడు. ఎదురుగా ఆట కనిపించే తెర, చేతికింద వరసగా మీటలు. ఒకటి జరిపితే చప్పట్లు, ఒకటి జరిపితే నిట్టూర్పు, ఇంకోటి జరిపితే ఈలలూ వెక్కిరింతలూ. అవి అక్కడి స్టేడియం స్పీకర్లలోనూ, టీవీలోనూ మోగుతాయి.

మొదటి శనివారం అరగంట బాగానే గడిచింది. అప్పుడు అవతలి జట్టువాడు బంతిని నేలమీద నిలబెట్టాడు. రెండు నిలువు స్తంభాల మధ్యనుంచి, అడ్డకర్ర పైనుంచి పోయేలా తన్నాలి. పోతే వాళ్ళకి పాయింట్లు. పాలకొల్లు క్రికెట్లో అవతలివాడు కీలకమైన బంతి ఆడబోతుంటే ఏం చేస్తారు? అరుస్తారు. వాడి తాతదాకా వెళ్తారు. రూఫస్ వెక్కిరింపుల మీటని చివరిదాకా తోసేశాడు.

స్టేడియం ఊళపెట్టింది. తన్నబోయేవాడు ఆగిపోయాడు. రెండు జట్లవాళ్ళూ, రెఫరీ కూడా, తలలెత్తి ఖాళీ కుర్చీల వంక చూశారు.

ఫోను మోగింది. ఆ గ్రౌండు మేనేజరు మోరా. జుట్టు నెరిసిన మనిషి, లోపలికి రానిచ్చిన కొద్దిమందిలో ఒకరు. "ఏం చేశావయ్యా?" అంది. గొంతులో కోపం లేదు, భయం ఉంది. "మా గ్రౌండులో కిక్ కొట్టేవాడు నిలబడితే ఎవరూ నోరు విప్పరు. మావాడైనా, శత్రువైనా. చంటిపిల్లలు కూడా. మా తాత నాకు నడక తర్వాత నేర్పిన మొదటి సంగతి అది."

ఆ సాయంత్రం కిల్‌ఫారెన్ వాళ్ళు అవతలి జట్టుకి క్షమాపణ చెప్పారు. తమ ప్రేక్షకుల ప్రవర్తనకి చింతిస్తున్నామని. ఏ ప్రేక్షకులు? ఒక్కడు. వాడూ జర్మనీలో, ఎవరివో బంగాళాదుంపల పక్కన.

మెట్లెక్కి పైకొస్తుంటే పక్కింటి ఫ్రౌ కోలర్ మాస్కుతో ఎదురైంది. రెండిళ్ళవాళ్ళకి మించి ఒకచోట కలవకూడదన్న రోజులవి.

"హెర్ రూఫస్, కింద ఎంతమంది ఉన్నారు?"

"నేనొక్కణ్ణే."

"మరి ఆ ఊళలు పెట్టిందెవరు?"

"ఎవరూ లేరండి."

ఆవిడ అతని భుజంమీదుగా చీకటి కొట్లోకి కాసేపు చూసి, బంగాళాదుంపలు తీసుకోకుండానే వెనక్కి వెళ్ళిపోయింది.

రెండో శనివారం రూఫస్ బుద్ధిగా ఉన్నాడు. కిక్ సమయం రాగానే మీటలన్నీ కిందికి దించేశాడు. సూది పడితే వినిపించేంత నిశ్శబ్దం. కిల్‌ఫారెన్ కుర్రాడు డెక్లన్, గురి తప్పడని పేరున్నవాడు, తప్పాడు. మళ్ళీ తప్పాడు. ఆట ఓడిపోయారు.

"నువ్వు మీట దించినప్పుడల్లా అందరూ ఒక్కసారి లేచి వెళ్ళిపోయినట్టుంది" అంది మోరా ఫోనులో. "జనం ఊరుకున్నట్టు లేదు, జనం పోయినట్టుంది. డెక్లన్ బంతి దగ్గర నిలబడి వెనక్కి తిరిగి చూశాడు. నేనూ చూశాను. అక్కడెవరూ లేరని నాకు తెలుసు. అయినా చూశాను."

"మరి నన్నేం చెయ్యమంటారు?"

"మనుషులున్న నిశ్శబ్దం కావాలి."

రూఫస్ పాత రికార్డులన్నీ వెతికాడు. అరుపులున్నాయి, పాటలున్నాయి, మౌనం ఒక్కటీ లేదు. ఎప్పుడో విట్టిగే వాటిని కత్తిరించి పారేశాడు. "నిశ్శబ్దాన్ని ఎవరు కొంటారనుకున్నాను" అన్నాడు పాపం. ఆ తర్వాత, వచ్చే శనివారం కూడా ఇలాగే ఉంటే ఐర్లాండువాళ్ళు వేరే దారి చూసుకుంటారట, అని నెమ్మదిగా చేర్చాడు.

ఆదివారం తెలుగువాళ్ళ కూడిక ఉంది. ఆ రోజుల్లో అదీ కంప్యూటర్లోనే. తెరనిండా చిన్న చిన్న గళ్ళు, గడికో మొహం. రూఫస్ చెయ్యెత్తి అడిగాడు, "అందరూ ఒక్క నిమిషం మౌనంగా కూర్చోగలరా? మైకులు మాత్రం ఆపకండి."

భాస్కరమూర్తిగారు కళ్ళజోడు తీశారు. "అయ్యో! ఎవరు పోయారోయ్?"

"ఆయ్, ఎవరూ పోలేదండి."

"మరి ఎవరి కోసం మౌనం?"

"ఐర్లాండువాళ్ళ రగ్బీ కోసమండి."

రమామణిగారికి నచ్చలేదు. "ఎవరూ పోకుండా మౌనం పాటించడమేమిటి నాయనా? అసలే రోజులు బాగోలేవు. కూర్చుని కోరి పిలుచుకున్నట్టు!"

"పిన్నిగారూ, ఇది ఆ మౌనం కాదండి. ఊరికే ఊరుకోవడం."

"మనవాళ్ళు ఊరికే ఊరుకోవడం నువ్వెప్పుడైనా చూశావా?" అన్నారు ఆవిడ. నిజమే. మొదటిసారి అర నిమిషానికే ఎవరో "అయిపోయిందా?" అన్నారు. ఇద్దరు ముగ్గురు "ష్!" అన్నారు. "ష్ అనకండి, అదీ పడుతుంది" అని భాస్కరమూర్తిగారు ఉపన్యాసం అందుకున్నారు. రెండోసారి ఎవరింట్లోనో కుక్కరు కూసింది. మూడోసారి అందరూ నిజంగానే ఊరుకున్నారు. కళ్ళు మూసుకోమని ఎవరూ చెప్పలేదు, అందరూ మూసుకున్నారు. రూఫస్ ఒక్కడే తెరిచి చూశాడు. గళ్ళనిండా కళ్ళు మూసుకున్న మొహాలు, కదలకుండా. ఈవా గది గుమ్మంలోకి వచ్చి, తెర వంక చూసి, ఏమీ అడగకుండా వెళ్ళిపోయింది.

కెల్లర్లో కూర్చుని ఆ నిమిషాన్ని పొరమీద పొరగా పేర్చాడు. నలభైమంది నాలుగువందలయ్యారు, వేలయ్యారు. గాజుల చప్పుడు, కుర్చీ కిర్రుమనడం, గుటక మింగడం. వాటన్నిటి కింద ఇంకేదో ఉంది. సన్నగా బుస్సుమంటూ ఒక గాలి, దానిమీద ఈడ్చుకుంటూ ఒక చప్పుడు, తర్వాత ఏమీ లేదు. చాలాసేపు ఏమీ లేదు. మళ్ళీ చప్పుడు.

పాత ఫ్యాను కాబోలనుకుని దాన్ని తీసేశాడు. మిగతాదంతా ఒక్కసారి చచ్చిపోయింది. ఉత్త గడియారాలు, కుర్చీలు. తిరిగి పెట్టాడు. మళ్ళీ జనం వచ్చి కూర్చున్నారు.

లీలని కిందికి పిలిచాడు. ఆవిడ హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కాసేపటికి మెల్లిగా స్టూలు మీద కూర్చుంది. "ఫ్యాను కాదండీ. మనిషి. ఆక్సిజన్ మీద ఉన్నారు." హెడ్‌ఫోన్లు తీసేసినా అలాగే కదలకుండా ఉంది. రూఫస్‌కి కాసేపు పట్టింది అర్థం కావడానికి. ఆవిడ ఆ మనిషి తర్వాతి ఊపిరి కోసం చూస్తోంది. తన ఊపిరి తీసుకోవడం మరిచిపోయి.

అప్పుడు గుర్తొచ్చింది. తెర మూలన మొహం లేని గడి ఒకటుంది, పేరు స్థానంలో 'స్టేషన్ 4' అని. అంటే ఆస్పత్రి నాలుగో వార్డు. కరోనాతో అక్కడున్నది డాక్టర్ అనంతరామయ్యగారు. పందొమ్మిదివందల అరవైల్లో ఈ దేశం వచ్చిన మొదటివాళ్ళలో ఒకరు. ఏ సభలోనైనా వక్త మాట పూర్తికాకముందే "అది తప్పండీ" అని లేచే మనిషి. ఎవరో నర్సు ఆయన పక్కన టాబ్లెట్ పెట్టినట్టుంది, మనవాళ్ళ మాటలు వింటారని.

గురువారం ఆయన పోయారు. భార్య భానుమతిగారిని లోపలికి రానివ్వలేదు. అద్దంలోంచి కూడా చూడనివ్వలేదు. వాట్సాప్ గ్రూపులో అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. వాటి మధ్య రమామణిగారి మాట ఒక్కటే: "నేను ఆ రోజే అన్నాను."

రూఫస్ ఆ రికార్డింగుని చెరిపేద్దామని మూడుసార్లు కూర్చున్నాడు. చెరిపితే శనివారం చేతిలో ఏమీ లేదు, ఆదివారం ఉద్యోగం లేదు. ఉంచితే పోతున్న మనిషి ఊపిరిని ఆటలో వాయించినవాడవుతాడు.

"మీరూ నేనూ తేల్చేది కాదండీ అది. ఆవిడని అడగండి" అంది లీల.

అడిగాడు. ఫోనులో తడబడుతూ, ముక్కలు ముక్కలుగా, రగ్బీ అంటే ఏమిటో చెప్పబోయి అదీ తప్పు చెప్పి, చివరికి అసలు సంగతి బయటపెట్టాడు. అవతల భానుమతిగారు కుర్చీ లాక్కుని కూర్చున్న చప్పుడు వినిపించింది.

"యాభై ఏళ్ళు కాపురం చేశాను రూఫస్. ఆయన ఒక్క నిమిషం నోరు మూసుకుని కూర్చోగా చూడలేదు. ఆ నిమిషం నీ దగ్గరుందా?"

"ఉందండి, అమ్మగారూ."

"అయితే పెట్టు. నేనూ వింటాను. ఏ ఛానల్లో వస్తుంది?"

శనివారం మధ్యాహ్నం. ఆట చివరికొచ్చింది. కిల్‌ఫారెన్ రెండు పాయింట్లు వెనకబడి ఉంది, ఈ కిక్ పడితే మూడు వస్తాయి. డెక్లన్ బంతి నిలబెట్టాడు. రూఫస్ అరుపుల మీట దించుతూ, దానితోపాటే మౌనం మీట పైకి జరిపాడు.

తెరమీద ఏమీ మారలేదు. అవే ఖాళీ కుర్చీలు. కాని డెక్లన్ భుజాలు కిందికి దిగాయి. అడుగులు లెక్కపెట్టుకుని వెనక్కి నడిచాడు. నిలబడ్డాడు. వెనక్కి తిరగలేదు. ఊపిరి వచ్చింది, బుస్సుమంటూ, ఈడ్చుకుంటూ. పోయింది. ఆ పోవడంలోనే డెక్లన్ పరిగెత్తాడు, తన్నాడు. బంతి గాల్లో తిరుగుతూ స్తంభాల మధ్యనుంచి పోయింది. పడిందని లైన్ రెఫరీల జెండాలు లేచాయి.

ఇప్పుడు గర్జన పెట్టాలి. రూఫస్ చెయ్యి మీటమీదే ఉంది. ఊపిరి తిరిగి రాగానే తోద్దామనుకున్నాడు, మధ్యలో కోసెయ్యడానికి మనసొప్పక. వారమంతా వింటున్నాడు, ఎంతలో వస్తుందో నిద్రలో కూడా తెలుసు.

రాలేదు.

గెలిచిన ఆటగాళ్ళు చేతులెత్తి, ఎత్తిన చేతులతో అలాగే నిలబడిపోయారు. కుర్చీల మధ్య మోరా ఒక్కతే నిలబడి ఉండటం కెమెరాలో కనిపించింది. చెవికి ఫోను ఉంది. లైన్లోనే ఉంది. కాని మీట ఎత్తు అనలేదు. విట్టిగ్ రెండో ఫోనులో మోగుతున్నాడు. రూఫస్ తియ్యలేదు.

అప్పుడు ఊపిరి వచ్చింది. రూఫస్ మీట తోశాడు. పన్నెండు వేలమంది లేచి అరిచారు.

తర్వాత ఆ రికార్డింగుని మళ్ళీ మళ్ళీ వేసి చూశాడు. ఎప్పటిలాగే ఉంది. రావలసినప్పుడే ఊపిరి వస్తోంది. మోరా ఆలస్యం మాటే ఎత్తలేదు. "సీజను అయ్యేదాకా మాకు ఇదే కావాలి" అంది. ఆపైన గొంతు తగ్గించి, "తూర్పు స్టాండులో ఆ పెద్దాయన ఎవరని డెక్లన్ అడుగుతున్నాడు. ఏం చెప్పను?" అంది. పేరు చెప్పాడు రూఫస్. ఆవిడ రెండుసార్లు పలికి, నోటికి తిరగక, మూడోసారి సరిగ్గా పలికింది. విట్టిగ్ మాత్రం ఫోనులో ఏడ్చాడో నవ్వాడో తెలియలేదు. తాళం వెయ్యడం లేదని అన్నాడు.

అంతా అయ్యాక భానుమతిగారికి ఫోను చేశాడు. తప్పు తనదేనని, మెషీన్లో ఏదో అడ్డుపడి మధ్యలో ఆగిందని చెప్పబోయాడు.

"ఎందుకయ్యా కంగారు? విన్నాను" అన్నారు ఆవిడ, మామూలు గొంతుతో. "మధ్యలో ఆగిపోయారు కదూ. నేను టీవీ దగ్గరికి వెళ్ళి, 'ఊఁ, తీసుకోండి' అన్నాను. అప్పుడు తీసుకున్నారు."