రుద్దని చివర

కార్ల బంపర్లకు రంగు వేసే ఆయన్ని మా వీధిలో అందరూ పట్టుమేస్త్రి అనేవారు. ఆయన వేసిన రంగు గోరుతో గీకినా ఊడేది కాదు. బంపర్లకుండే క్రోమ్ పూత మీద రంగు నిలబెట్టడం అంత తేలికేం కాదు. అద్దంలాంటి ఆ నునుపు మీద ఏదీ అంటుకోదు. థిన్నర్‌తో జిడ్డు తుడిచి, వాటర్ పేపర్ అనే గరుకు కాగితాన్ని తడిపి, దాంతో మెరుపు చచ్చేదాకా రుద్దాలి. ఆ తర్వాతే రంగుకి అడుగుపూతగా ప్రైమర్. "ముందు దాని పొగరు దించాలి, అప్పుడే మన మాట వింటుంది" అని నవ్వేవాడు.

ఆయన కొడుక్కి మాత్రం ఆ మెరుపంటేనే ప్రాణం. టాక్సీ తోలేవాడు. కారు పాతదే అయినా ముందు బంపర్‌ని తుడిచి తుడిచి తళతళలాడించేవాడు. వంగి అందులో చూసుకుంటూ తల దువ్వుకునేవాడు. "నా బంపర్ జోలికొచ్చావో, మనిద్దరికీ చెడుతుంది నాన్నా!" అని బెదిరించేవాడు.

ఒక ఏడు వానల్లో అతనికి జ్వరం తగిలింది. మెదడుకెక్కిందన్నారు. వారం తిరక్కుండానే కొడుకు పోయాడు.

కోడలు ఏడుస్తూ కూర్చోలేదు. డ్రైవింగ్ నేర్చుకుని ఆ టాక్సీనే తోలసాగింది. ఒక ఉదయం కారు తెచ్చి షెడ్డు ముందు ఆపింది.

"మామయ్యా, ముందు బంపర్‌కి నల్లరంగు వేసెయ్యండి."

మేస్త్రి ఉలిక్కిపడ్డాడు. "వాడికి అదంటే ఎంతిష్టమో నీకు తెలుసు కదమ్మా!"

"తెలుసు కాబట్టే అడుగుతున్నా. పొద్దున ఇంటి తలుపు తీయగానే అది మెరుస్తుంది. ఆయన అక్కడ వంగి తల దువ్వుకుంటున్నట్టే ఉంటుంది. ఇంక నావల్ల కాదు మామయ్యా."

మేస్త్రి పానా అందుకున్నాడు. బోల్టులు విప్పి బంపర్‌ని బల్ల మీదికెక్కించాడు. రుద్దేకొద్దీ అందులో తన ముఖం మసకబారుతూ వచ్చింది. కుడి చివరికి వచ్చేసరికి చెయ్యి ఆడలేదు. కొడుకు వంగేది అక్కడే. పైపైన కాగితం ఆడించి ప్రైమర్, ఆపైన నల్లరంగు కొట్టేశాడు.

కొన్ని నెలలకు కోడలు మళ్ళీ వచ్చింది. కుడి చివర రంగు పెచ్చులు లేచి, అరచేయంత మేర క్రోమ్ బయటపడింది.

"రాయి తగిలిందేమో" అన్నాడు మేస్త్రి, ఆమె వైపు చూడకుండా.

"రాయి తగిలితే ఊడిపోయే రంగా మీది?"

ఆయన బల్ల మీద కూలబడ్డాడు. "అక్కడ రుద్దలేకపోయానమ్మా. చేతులు రాలేదు."

కోడలు ఊడిన చోటును వేలితో తడిమింది. "ఆయన చొక్కాలన్నీ నేనే మడతపెట్టి పంచేశాను. నాకు మాత్రం చేతులెలా వచ్చాయనుకున్నారు?" అంది. ఆయన చేతే బంపర్ విప్పించి బల్ల మీద పెట్టించి, వాటర్ పేపర్ నీళ్ళలో ముంచి ఆయన చేతిలో పెట్టింది. "రుద్దండి. నేను పట్టుకుంటాను."

ఆయన రుద్దాడు. కొడుకు పోయిన నాడు కూడా నోరు విప్పి ఏడవని మనిషి, ఆరోజు షెడ్డంతా వినపడేలా ఏడ్చాడు. కోడలు ఆయన్ని ఊరుకోమనలేదు. బంపర్ కదలకుండా రెండు చేతులా అదిమి పట్టుకుంది.

ఈసారి రంగు ఊడలేదు. మేస్త్రి ఆ తర్వాత కూడా చాలాకాలం పని చేశాడు. తలుపులకూ బానెట్లకూ రంగులు వేశాడు. క్రోమ్ బంపర్ ఎవరు తెచ్చినా మాత్రం ఎదురు షెడ్డుకి పంపేసేవాడు.