బాలింత చెవులకు కట్టిన గుడ్డ

మిర్యాలగూడలో రైల్వే స్టేషన్ వెనక వాడలో ఎవరింట్లో కాన్పయినా ముందుగా కబురు వెళ్ళేది రాజమ్మకే. రెండెకరాల పొలం, ఒక బర్రె, రైసుమిల్లులో గుమాస్తాగా చేసే కొడుకు భాస్కర్, ఇంతే ఆమె సంసారం. కానీ బాలింత మంచం పక్కన కూర్చుందంటే మాత్రం ఆమెది కలెక్టరు దర్జా. నీళ్ళు ఎంత వేడిగా కాగాలో, కాన్పయ్యాక పెట్టే కాయం మందు ఉండ ఎంత మింగాలో ఆమె చెప్పిందే శాసనం. అన్నిటికన్నా పట్టింపు చెవుల దగ్గర. రెండు చెవుల్లో దూది పెట్టి, పైనుంచి గుడ్డ చుట్టి, గడ్డం కింద ముడి వేసేది. చెవుల్లో గాలి దూరితే ముసలితనంలో తలపోటు పీడిస్తుందని ఆమె నమ్మకం. మూడో నెల నిండేదాకా ఆ ముడి విప్పే అధికారం బ్రహ్మదేవుడికి కూడా లేదు.

ఆమెకు ఇంకొక గుణముంది. ముప్పై ఇళ్ళలో బాలింతలకు నీళ్ళు పోసింది గానీ ఒకరింటి మాట ఇంకొకరింటికి మోయలేదు. ఎవరైనా కూపీ లాగబోతే, "నాకేమెరుకనమ్మా, నీళ్ళు పోసొచ్చిన" అనేసేది.

2013 చలికాలంలో ఆమె సొంత కోడలు పూర్ణిమకు ఆడపిల్ల పుట్టింది. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. కానీ పూర్ణిమకు చిన్నప్పుడే తల్లి పోయింది. ఆమె పుట్టినూరు ఆత్మకూరులో పెళ్ళిమాటలప్పుడు ఎవరో ముసలామె, "రేపు కాన్పయితే ఈ పిల్లను సూసేటోళ్ళెవరు?" అని నిట్టూర్చింది. రాజమ్మ వెంటనే, "నేను సూస్త. తల్లి లేదన్న మాట ఆ పిల్ల నోట రానియ్య" అంది. పదిమందిలో ఇచ్చిన మాట. అందుకే ఈ బాలింతకు అన్నీ రెండింతలు చేసింది.

అయినా పూర్ణిమ కోలుకోలేదు. ఒళ్ళు బాగానే ఉంది, పాలూ పడ్డాయి. పిల్ల ఏడిస్తే మాత్రం గోడవైపు తిరిగేది. ఒళ్ళో పెడితే పాలిచ్చి, అయిపోగానే "తీస్కో అత్తమ్మా" అని అందించేది. ఇరవై ఒకటో రోజు తొట్టెల వేసి చుట్టాలంతా పాటలు పాడుతుంటే, ఎవరిదో ఫంక్షన్‌కు వచ్చిన మనిషిలా కూర్చుంది. పెళ్ళికి ముందు సూర్యాపేట బడిలో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పి మురిసిపోయిన పిల్ల ఇది. రాజమ్మ దిష్టి తీసింది, తాయెత్తు కట్టింది, కాయం ఉండ పెద్దది చేసింది. దేనికీ గుణం కనపడలేదు. ఒక మధ్యాహ్నం పొయ్యి దగ్గర ఒంటరిగా కూర్చున్నప్పుడు ఆమెకు నిజంగా భయం వేసింది. ఈ పిల్ల ఇలాగే చేజారిపోతే, తొట్టెలలో ఉన్న పసిదానికి కూడా తల్లి లేని బతుకే అవుతుంది.

తప్పు దేనిమీదో ఒకదానిమీద వెయ్యాలి కదా, ఫోను మీద వేసింది. పూర్ణిమ దుప్పటి చాటున ఆ పెద్ద ఫోను పెట్టుకుని ఏదో రాసేది, చదివేది, కళ్ళు తుడుచుకునేది. పచ్చి బాలింత కళ్ళు పాడుచేసుకుంటోందని, ఒక బుధవారం పొద్దున కోడలు కునుకు తీస్తుండగా రాజమ్మ ఆ ఫోను ఎత్తుకెళ్ళి బియ్యం డ్రమ్ములో పూడ్చిపెట్టింది.

పదకొండు గంటలకు బియ్యం మోగాయి.

రాజమ్మ మోచేతి దాకా చేయి పెట్టి వెతికి, ఫోను తీసి, దాని నోరు మూయించాలని ఎక్కడో నొక్కింది. తెర మీద కళ్ళద్దాల ఆడమనిషి ప్రత్యక్షమైంది.

"నమస్తే అమ్మా. నా పేరు జమున, హైదరాబాద్ నుంచి. పూర్ణిమ గారు ఉన్నారా?"

"డాక్టర్వా?"

"మందులిచ్చే డాక్టర్ని కాదమ్మా. మనసు బాగాలేని వాళ్ళతో నెట్‌లో మాట్లాడే కౌన్సెలర్ని."

"మా కోడలు నీకేం జెప్పింది?"

"అది ఆమె మీకు చెబితేనే బాగుంటుందమ్మా. నేను చెప్పకూడదు."

"ఒక్క మాట జెప్పు బిడ్డా. తింటలేదు, నవ్వుతలేదు. నాకు పరేషానైతుంది."

"మీ బాధ అర్థమైంది. అయినా చెప్పలేను, ఏమనుకోకండి."

ఇంకెవరైనా అయితే రాజమ్మకు ఒళ్ళు మండేది. కానీ తానే ఎన్ని గడపల్లో ఎంతమందికి ఇదే జవాబు చెప్పిందో గుర్తొచ్చింది. ఈ పిల్ల కూడా తన పనే చేస్తోంది, నీళ్ళు పొయ్యదు, అంతే.

ఫోను పట్టుకుని గదిలోకి వెళ్ళేసరికి పూర్ణిమ దిండు కింద తడుముకుంటోంది. అత్త చేతిలో బియ్యపు పిండి అంటిన ఫోను చూసి బిగుసుకుపోయింది.

"ఎన్ని దినాల సంది మాట్లాడుతున్నవ్?"

"ఆ?" అంది పూర్ణిమ. చెవుల్లో దూది. రాజమ్మ గొంతు పెంచి మళ్ళీ అడిగింది.

"మాట్లాడలేదు అత్తమ్మా. నాతోని బడిలో పనిజేసిన సంగీత చెప్పింది ఈ మేడం గురించి. చెవులకు గుడ్డ ఉన్నది గద, రెండు వారాల సంది రాసుకుంటనే ఉన్నం. ఇయ్యాల మాట్లాడుదామన్నది. నువ్వు బర్రె కాడికి పోయినంక జర సేపు విప్పుదామనుకున్న."

తన ఇంట్లో, తన చేతి కింద ఉన్న పిల్ల ఒక మాట చెప్పుకోవడానికి తాను ఎప్పుడు బయటికి పోతుందా అని కాచుకుందన్నమాట.  రాజమ్మ వెళ్ళి కిటికీలు మూసింది. వచ్చి కోడలి గడ్డం కింద చేయి పెట్టి, ముప్పై ఇళ్ళలో ఏనాడూ గడువుకు ముందు విప్పని ముడిని విప్పింది. దూది తీసి, ఫోను చేతికిచ్చింది.

"మాట్లాడుకో. గాలి రాకుండ తలుపుకాడ నేను కూసుంట."

గడపలో కూర్చున్న కాసేపటికి పక్కింటి సుగుణమ్మ పిల్లను చూస్తానని వచ్చింది.

"బాలింత పండుకుంది" అంది రాజమ్మ.

"లోపల మాటలినపడ్తున్నయి గద?"

"నాకేమెరుకనమ్మా."

సుగుణమ్మ మూతి తిప్పుకుని వెళ్ళిపోయింది. కొంతసేపటికి లోపలి నుంచి, "అత్తమ్మా, జర రా" అని పిలుపు. పూర్ణిమ ముఖం ఉబ్బి ఉంది. తెర మీద జమున, చెప్పమన్నట్టు ఆమెకు తల ఊపింది.

"పిల్లను సూస్తే నాకేం అనిపిస్తలేదు అత్తమ్మా. అందరికి ప్రేమ పొంగుకొస్తదంట గద. నాకు రాలే. మా అమ్మ ఉంటే అడుగుదును. నేను మంచిదాన్ని కాదేమో."

ఛీ, గట్లనొద్దు అన్న మాట రాజమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. దీనికి తన దగ్గర ఏ ఉండా లేదు. మంచం మీద కూర్చుని కోడలి తల తన భుజానికి ఆనించుకుంది.

"అనిపించకపోతే ఏమాయె బిడ్డా. నీకు అనిపించేదాక దాన్ని నేను సూసుకుంట. నిన్ను గూడ."

పూర్ణిమ పసిపిల్లలా ఏడ్చింది. రాజమ్మా ఏడ్చింది.

దవాఖానలో కూడా చూపించుకోమని జమున చెప్పింది. భాస్కర్ తీసుకెళ్ళాడు, డాక్టరమ్మ మందులు రాసింది. ఇక ప్రతి బుధవారం పదకొండింటికి రాజమ్మ ముడి విప్పడం, మాటలయ్యాక మళ్ళీ కట్టడం. అంతకుమించి తగ్గడానికి ఆమె ఒప్పుకోలేదు.

ఫిబ్రవరిలో ఒక బుధవారం వేళకే ఫోను మోగింది. రాజమ్మ చేతులు తుడుచుకుంటూ ముడి విప్పడానికి వచ్చింది. పూర్ణిమ పిల్లను మోకాళ్ళ మీద పడుకోబెట్టుకుని ముఖంలో ముఖం పెట్టి ఉంది. తల ఎత్తకుండానే, "ఆగు అత్తమ్మా, నన్ను సూసి నవ్వుతుంది" అంది.

రాజమ్మ ఫోను తీసుకుని వంటింట్లోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

"జమునమ్మా, జర సేపాగి చెయ్యి బిడ్డా" అంది గొంతు తగ్గించి. "తల్లీబిడ్డ మాట్లాడుకుంటున్నరు."