కౌకో అన్న సౌనా అద్దె

కౌకో అన్న పాతికేళ్ళు పాలలారీ నడిపాడు. రిటైరయ్యాక ట్రైలర్ మీద చిన్న సౌనా, అదే ఆవిరి స్నానాల గది, కట్టి, వ్యానుకు తగిలించుకుని, చుట్టుపక్కల ఊళ్ళకు అద్దెకు తిప్పుతున్నాడు. మనిషి మాట పొదుపు. అద్దె అడిగితే అదీ చుక్క చుక్కగానే చెబుతాడు.

నడివేసవి యుహన్నుస్ పండక్కి నా మరిది ఒన్ని వస్తానన్నాడు. పండగపూట ఆవిరి స్నానం లేకపోతే ఎలా? మా ఆయన ఉర్హో కట్టిన సౌనా చెరువు గట్టున ఉంది. మార్చిలో ఆయన పోయినప్పటి నుంచి దాని తలుపు తీయలేదు. తీయడం నా వల్ల కాలేదు. కౌకో అన్నకు ఫోన్ చేశాను.

“అద్దె ఎంతన్నా?”

“తొంభై యూరోలు.”

“సరే.”

“అది సౌనాకి. తెచ్చినందుకు కిలోమీటరుకు ఒకటి.”

“సరే.”

“కట్టెలకు పది.”

“ఇంకా ఏమైనా దాచావా అన్నా?”

“కడగకుండా ఇస్తే ఇరవై. కట్టెలు మీవే అయితే ఆ పదీ వద్దులే చెల్లెమ్మా.”

కట్టెలకేం, ఉర్హో కొట్టి పేర్చినవి కొట్టం నిండా ఉన్నాయి.

“ఇంకోటి. లోపలికెళ్తే చెప్పులు మెట్టు మీద వదలాలి. మెట్టు ఖాళీ అయితే సౌనా ఖాళీ. స్నానాల గది తలుపు నేను తీసి చూడను.”

పండగనాడు ఒన్ని ముందు వెళ్ళాడు. ఎంతకీ దిగడు. నేను బంగాళాదుంపలు ఉడకబెడుతూ నా వంతు కోసం చూస్తున్నాను. ఒన్ని మధ్యలో చెరువులో మునిగి, చెప్పులు గట్టునే మరిచి, వట్టికాళ్ళతో మళ్ళీ సౌనాలో పైబల్ల ఎక్కాడు. అద్దె గడువు ప్రకారం ఐదు కొట్టగానే కౌకో అన్న వచ్చాడు. పొయ్యి నోరు బయటివైపే కాబట్టి నిప్పులు బకెట్లోకి తోడాడు. మెట్టు చూశాడు. ఖాళీ. లాక్కుపోయాడు.

తువ్వాలు భుజాన వేసుకుని నేను బయటికొచ్చేసరికి గడ్డి మీద చక్రాల గుర్తులే మిగిలాయి. సౌనా లేదు. మరిదీ లేడు.

ముప్పావుగంటకు వ్యాను ఒక్కటే తిరిగొచ్చింది. అందులోంచి కౌకో అన్న పాత పాలలారీ యూనిఫాం తొడుక్కుని ఒన్ని దిగాడు. ప్యాంటు మోకాళ్ళ దాకానే ఉంది.

“అరవలేదా నువ్వు?”

“సౌనాలో ఎవరైనా అరుస్తారా వదినా? ఊగుతుంటే ఆవిరి తలకెక్కిందనుకున్నా. ఇంతలో తలుపు తెరుచుకుంది. అవతలి ఊరి చర్చి పాటల బృందం! పదకొండుమంది ఆడవాళ్ళు.”

“అయ్యో! ఏమన్నావు?”

“వేడిరాళ్ళ మీద ఇంకో గరిటె నీళ్ళు పొయ్యమంటారా అన్నాను.”

“వాళ్ళో?”

“పొయ్యమన్నారు.”

కౌకో అన్న టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. “మనిషిని మోస్తే ఎంతో నా ధరల కాగితంలో లేదు. నువ్వు స్నానం చేశావా చెల్లెమ్మా?”

“నా వంతు నీ బండి వెనకాలే పోయిందిగా!”

అన్న గట్టు మీది సౌనా వైపు చూశాడు. నేనూ చూశాను. కొట్టంలోంచి చేతులనిండా కట్టెలు తెచ్చి, దాని తలుపు దగ్గర ఆగాడు. నేను తలూపాను. కాసేపటికి గొట్టంలోంచి పొగ లేచింది.

“దీనికెంతన్నా?”

“ఇదెక్కడికీ కదలదుగా. దీనికి అద్దె లేదు.”

అయినా ఎందుకైనా మంచిదని, చెప్పులు రెండూ బాగా కనబడేలా మెట్టు మీద వదిలి లోపలికెళ్ళాను.