ఎత్తుకో అన్నదెవరు

మా ముత్తాత రాయపరెడ్డి నిజాం కాలంలో పోలీసు పటేలు. మా తాత ఇన్నారెడ్డికి, ఎల్బీనగర్ అనే పేరు పుట్టక ముందే అక్కడ భూములున్నాయి. ఆయన ఎదురొస్తే జనం బండి దిగి నిలబడేవారు. తరతరాలుగా కథోలికులం. దయ్యాలు, గాలి సోకడాలు మా ఇంట్లో ఎవరూ మాట్లాడేవారు కాదు. నేనూ నమ్మలేదు. ఇప్పుడైనా నమ్ముతున్నానని చెప్పను. జరిగింది మాత్రం రాస్తాను.

గుడి అంటే మా చర్చి. దాని పేరు రాయను. దిల్‌సుఖ్‌నగర్‌కూ ఎల్బీనగర్‌కూ మధ్య ఏ సందులో ఉండేదో కూడా రాయను. స్థలం మా తాత ఇచ్చింది.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసి, సంస్థానం ఇండియాలో కలిసిన కొత్తలో కట్టిన గుడి అది. సిమెంటు కావాలంటే పర్మిట్ కోసం ఆఫీసుల చుట్టూ తిరగాల్సిన రోజులు. తాత ఎవరి చుట్టూ తిరిగే మనిషి కాదు. గానుగ సున్నం ఆడించి, మూరెడు మందాన రాతి గోడలు లేపించాడు. పైన బెంగుళూరు పెంకులు, కింద షాబాద్ బండలు. కిటికీలకు కోసుగా లేచిన కమానులు. మే నెలలో కూడా లోపల చల్లగా ఉండేది. పూజాపీఠం పైభాగం ఒకే రాతి పలక. దాని ముందు అంచున తాత పేరు చెక్కించారు.

ఆ పలకను ఎత్తి పెట్టింది పాలమూరు కూలీలు. మేస్త్రీ "ఎత్తుకో" అంటే అందరూ "ఎత్తుకో" అని ఒక్క ఊపున లేపేవారట. గుడి తెరిచిన రోజు వాళ్ళను కూడా మగవాళ్ళ వైపు కూర్చోబెట్టారు. అప్పట్లో పూజ లాటిన్‌లో జరిగేది. ప్రభువు మీతో ఉండాలని ఫాదర్ దీవిస్తే, నీ ఆత్మతోనూ ఉండాలని జనం "ఎత్ కుమ్ స్పిరితు తూవో" అని జవాబు చెప్పాలి. కూలీల చెవికి అది వాళ్ళ మాటలాగే వినపడింది. "ఎత్తుకో స్పిరితు తూవో" అని గుడి అదిరేలా అన్నారట.

జనానికి జపాలు నేర్పే ఉపదేశి దిద్దబోతే తాత వద్దన్నాడు. "వాళ్ళెత్తిన రాయి మీదనే పూజ అయితున్నది. అట్లనే అననీ" అన్నాడు. ఆ తర్వాత ఆయన కూడా అట్లాగే అనేవాడు. పూజ తెలుగులోకి వచ్చాక ఆ మాట మా ఇంట్లో తప్ప ఎక్కడా మిగల్లేదు.

ఇప్పటి గుడి కమిటీకి రాతి గోడలు నామోషీ. కింద పార్కింగ్, పైన ఏసీ హాలు, రోడ్డు వైపు అద్దాలు కావాలట. పీఠానికి తెల్ల పాలరాయి. పాత గుడిని కూల్చకుండా ఎలాగూ ఆపలేకపోయాను. పలకను మాత్రం కొత్త పీఠంలో పెట్టమన్నాను. బతిమాలలేదు, హక్కుగా అడిగాను.

కమిటీ పెద్ద జోజప్పకు చైతన్యపురిలో హాస్టళ్ళున్నాయి. వాటి వెనక సందులోనే నేను రెండు గదుల్లో కిరాయికి ఉంటున్నాను. అది అతనికి బాగా తెలుసు.

"పటేలా, భూములు పాయె, బంగ్లా పాయె. గీ రాయి పట్టుకొని ఎన్నొద్దులు ఏలాడ్తవ్?" అన్నాడు పదిమందిలో.

"గా రాయి లేకుంటే నీకు మోకాళ్ళూననీకి జాగ ఎక్కడిది జోజప్పా" అన్నాను.

పీఠం తీసే పని మొదలైన రోజు నలుగురు మనుషులు గడ్డపారలు వేసి చూశారు. పలక ఇసుమంత కూడా కదల్లేదు. క్రేను గుమ్మంలో పట్టదు. పగలగొట్టడానికి ఫాదర్ ఒప్పుకోలేదు. ఆయన గుంటూరు వైపు మనిషి, చిన్న వయసు. "రేపు కూడా రాకపోతే వదిలేద్దామండీ. దాన్ని అక్కడే ఉంచి, చుట్టూ కొత్త గుడి కట్టుకుందాం" అన్నారు. జోజప్ప తల ఊపాడు. ఆ రాత్రి నేను నిశ్చింతగా నిద్రపోయాను.

మర్నాడు పొద్దున లోపల ఫాదర్, జోజప్ప, నేను మాత్రమే ఉన్నాం. బెంచీలు అప్పటికే తీసేశారు. పనివాళ్ళు బయట గంట స్తంభం దగ్గర చాయ్ తాగుతున్నారు. ముందు చిన్న ప్రార్థన చేద్దామని ఫాదర్ చేతులు చాచి, "ప్రభువు మీతో ఉందురు గాక" అన్నారు. మేమిద్దరం జవాబు చెప్పాం.

మా మాట పూర్తి కాకముందే వెనక నుంచి, మగవాళ్ళు కూర్చునే వైపు నుంచి వచ్చింది. ఒక్క గొంతు కాదు. చాలామంది మగవాళ్ళు గుండెల్లోంచి ఒకేసారి అన్నట్టు, "ఎత్తుకో." ఆ వెనకే ఇంకేదో గొణిగినట్టు సాగి ఆగిపోయింది.

తిరిగి చూశాను. ఖాళీ బండలు. ఫాదర్ చాచిన చేతులు అలాగే ఉండిపోయాయి.

అంతలో పనివాళ్ళు మూతులు తుడుచుకుంటూ లోపలికొచ్చారు.

"ఎవలు రమ్మన్నరు మిమ్మల్ని?" అన్నాడు జోజప్ప.

"మీరే గద సారూ. ఎత్తుకో ఎత్తుకో అని గంతగనం ఒర్లిరి" అన్నాడు ముందున్నవాడు.

ఆగమని అరిచాను. అప్పటికే అంచుల కింద చేతులు పెట్టారు. గడ్డపార లేదు, ఏమీ లేదు. పలక చెక్కబల్లలా లేచి వచ్చింది. "నిన్న గీ రాయేనా?" అని వాళ్ళలో వాళ్ళే నవ్వుకున్నారు.

మెట్రో రైళ్ళ అదురుకు సున్నం వదులైందని జోజప్ప తర్వాత అందరికీ చెప్పాడు. ముందురోజు కూడా రైళ్ళు నడిచాయి. గొంతుల సంగతి అడిగితే మాట మార్చాడు. ఫాదర్ మాత్రం నన్ను పక్కకు పిలిచి, "ఎత్తుకో తర్వాత వాళ్ళు ఇంకేదో అన్నారండీ, ఏంటది?" అని అడిగారు. చెప్పాను. ఆయన మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు.

నాకు భయం వేయలేదు. కోపం వచ్చింది. అది ఇంకా పోలేదు. తాత తన పంతంతో నిలబెట్టిన మాట, తాత గుడిలో, తాత రాయినే లేపేసింది. వాళ్ళు ఫాదర్‌కు జవాబు చెప్పారా, రాయినే ఎత్తమన్నారా? ఎత్తమంటే, ఎక్కడ పెట్టమని? ఎంత ఆలోచించినా తెలియలేదు. తెలిసినట్టు నటించను.

పలకను గోడల రాయితో కలిపి, బాటసింగారం దగ్గర ఫామ్‌హౌస్ కట్టుకుంటున్న ఒకాయనకు అమ్మేశారు.